కాస్త గారాబం, కాస్త నేరం

ఇంగ్లీషులో "ఇండల్జ్ ఇన్" అని ఒక మాట ఉంది. ఖరీదైన చాక్లెట్టు అట్టమీద చూస్తే అదే మాట, పరీక్ష హాలు గోడమీద అంటించిన నోటీసులోనూ అదే మాట. ఇందులో ఇండల్జ్ అవండమ్మా అని చాక్లెట్టు బతిమాలుతుంది. కాపీలు కొట్టడంలో ఇండల్జ్ అయ్యారో, డిబార్ చేసేస్తాం అని నోటీసు కళ్ళెర్రజేస్తుంది. ఒకే మాట ఒకచోట మనల్ని ముద్దు చేస్తుంది, ఇంకోచోట బోనెక్కిస్తుంది. ఇదేం చోద్యం?

డిక్షనరీ తీసి చూస్తే పిల్లల్ని గారాబం చెయ్యడం, కోరిక తీర్చడం, అడిగింది కాదనకుండా ఇవ్వడం అనే అర్థాలు వరసగా కనిపిస్తాయి. అదంతా ఒట్టి "ఇండల్జ్". దాని పక్కన "ఇన్" అనే చిన్న తోక చేరిందా, వ్యవహారం మారిపోతుంది. తాత మనవణ్ణి ఇండల్జ్ చేస్తాడు. మనవడు ఐస్‌క్రీములో ఇండల్జ్ అవుతాడు. మొదటి దాంట్లో ఇద్దరు మనుషులున్నారు, ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు. రెండో దాంట్లో ఒక్కడే. తనకి తనే ఇచ్చుకుని తనే పుచ్చుకుంటున్నాడు.

ఇంకో తమాషా కూడా ఉంది. ప్రతి పనికీ ఈ మాట పనికిరాదు. మంచినీళ్ళు తాగడంలో ఇండల్జ్ అయ్యాను అంటే వినేవాళ్ళు నవ్వుతారు. ఊపిరి పీల్చడంలోనూ, బియ్యం ఏరడంలోనూ, చంటిపిల్లకి పాలు పట్టడంలోనూ ఎవరూ ఇండల్జ్ అవరు. పెరుగన్నంలో అవరు గానీ పూతరేకుల్లో అవుతారు. అంటే, ఈ మాట వాడగానే "ఇది లేకపోయినా గడిచిపోయేదే సుమా" అని ఒక తీర్పు కూడా చెప్పేసినట్టే. ఆ తీర్పు ఎవరు చెప్పారు? ఫలానాది అవసరం, ఫలానాది అదనం అని గీత గీసిన మహానుభావులెవరు? ఈ ప్రశ్న పట్టుకుని నేను చరిత్రలో కొంచెం దూరం నడిచాను. నాతోపాటు మీరూ రండి.

ఈ మాటకి పుట్టిల్లు లాటిన్. "ఇండుల్జెన్షియా" అంటే దయతో సడలించడం. పన్ను మాఫీ చేసినా, శిక్ష తగ్గించినా, ఊరికి ఏదో వరమిచ్చినా అది చక్రవర్తి గారి ఇండుల్జెన్షియా అన్నమాట. రోమన్లు ఈ గుణాన్ని ఒక దేవతగా కూడా చేశారు. హేడ్రియన్ చక్రవర్తి నాణేలమీద ఈవిడ కుర్చీలో కూర్చుని కనిపిస్తుంది. కనిపించేది స్త్రీమూర్తే గానీ దయ మాత్రం పక్కా మగవాడిది, చక్రవర్తిది.

హేడ్రియన్‌కి ముందు 98 నుంచి 117 దాకా ఏలినవాడు ట్రాజన్. ఆయన కాలంలో బీద కుటుంబాల పిల్లల తిండికి ఒక ఏర్పాటు చేశారు. ఉత్తర ఇటలీలో వెలేయా అనే చిన్న ఊళ్ళో ఆ ఏర్పాటు తాలూకు లెక్కలన్నీ పెద్ద కంచు రేకుమీద చెక్కి పెట్టారు. 1747లో ఆ రేకు నేలలోంచి బయటపడింది. ఇప్పుడు పార్మా నగరంలో మ్యూజియంలో ఉంది. చక్రవర్తి గారి ఇండుల్జెన్షియా వల్ల మగపిల్లలకీ ఆడపిల్లలకీ భోజన భత్యం ముడుతుందని మొదట్లోనే రాసుంది. పద్ధతి కూడా తెలివైందే. ఖజానా నుంచి ఆ ప్రాంతపు భూస్వాములకి 10,44,000 సెస్టర్సులు అప్పిచ్చారు. సెస్టర్సు అంటే వాళ్ళ నాణెం. భూములు తాకట్టు. నూటికి 5 చొప్పున ఏడాదికి వచ్చే 52,200 వడ్డీతో పిల్లల్ని పోషించారు. అసలు కదలదు, వడ్డీతో పిల్లలు తింటారు. మన ఇళ్ళల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి ఆ వడ్డీతో స్కూలు ఫీజులు కట్టేవాళ్ళకి ఈ కిటుకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చక్రవర్తికి ఒక దండం పెట్టేద్దాం అనుకున్నాను. తర్వాత లెక్క చదివాను. సక్రమ సంతానమైన మగపిల్లాడికి నెలకి 16 సెస్టర్సులు, ఆడపిల్లకి 12. పెళ్ళికాని తల్లికి పుట్టిన మగపిల్లాడికి 12, అటువంటి ఆడపిల్లకి 10. పోనీ, ఆకలి కూడా అదే నిష్పత్తిలో వేస్తుందని అనుకున్నారేమో పెద్దమనుషులు! మరి ఎంతమంది? సక్రమమైన మగపిల్లలు 245 మంది. ఆడపిల్లలు 34. అక్రమ సంతానంలో ఒక బాబు, ఒక పాప.

ఆ ఊళ్ళో మగపిల్లలే పుట్టారని కాదు. ఒక ఇంటికి ఒక్కరికే భత్యం దొరికేటట్టుంటే, 16 వచ్చే కొడుకు పేరు ఇస్తారా, 12 వచ్చే కూతురి పేరు ఇస్తారా? నాకైతే ఇలాగే జరిగి ఉంటుందనిపిస్తుంది. 245 పక్కన 34 అన్న ఆ అంకె చూసిన తర్వాత చాలాసేపు మరో పని చెయ్యలేకపోయాను. దయ అన్నది కూడా ఇలా కొలిచి, గిద్దా సోలా తేడాలతో పోస్తారన్నమాట.

రోమన్ల దగ్గరనుంచి ఈ మాట క్రైస్తవ మఠాలకి వెళ్ళింది. అక్కడ దాని అర్థం, పాపం క్షమించబడ్డాక కూడా మిగిలిపోయే శిక్షని తగ్గించడం. చచ్చిన తర్వాత ఆత్మ శుద్ధి అయ్యేదాకా బాధలు పడే చోటు ఒకటుంటుందని వాళ్ళ నమ్మకం. అక్కడ ఉండాల్సిన కాలం తగ్గించే అధికారం పోపుగారిది. మొదట్లో ప్రార్థనలు, యాత్రలు, దానధర్మాలు చేసినవాళ్ళకి ఆ తగ్గింపు. రానురాను డబ్బు రూపంలో దానం ఇస్తే చాలన్నారు. 1476లో నాలుగో సిక్స్‌టస్ అనే పోపు, చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు కూడా పుచ్చుకోవచ్చన్నాడు. కన్నబిడ్డ పోయిన తల్లినీ, మొగుడు పోయిన ఇల్లాలినీ ఊహించుకోండి. ఎంత ఉంటే అంత ఊడ్చి ఇవ్వరూ?

అచ్చు యంత్రం పేరు చెప్పగానే గూటెన్‌బర్గ్ బైబిలు గుర్తొస్తుంది మనకి. కానీ తేదీ వేసి ఉన్న తొట్టతొలి యూరపు అచ్చు కాగితాల్లో ఈ పాపపరిహార పత్రాలున్నాయి. అవి 1454 నాటివి. తురుష్కుల మీద సైప్రస్ రక్షణకని చందాలు పోగుచేసి ఇచ్చిన పత్రాలు. పుచ్చుకున్నవాళ్ళ పేరు రాయడానికీ తేదీ వెయ్యడానికీ ఖాళీలు వదిలి అచ్చేశారు. మన రసీదు పుస్తకాలకి ముత్తాత అన్నమాట.

ఆ రసీదులే కొంప ముంచాయి. 1517 నాటికి జర్మనీలో యోహాన్ టెట్జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి ఈ పత్రాలు అమ్మాడు. రోములో సెయింట్ పీటర్ చర్చి కట్టడానికని చెప్పారు. లోపలి సంగతేమిటంటే అందులో సగం ఆల్బ్రెఖ్ట్ అనే ఆర్చిబిషప్పు తన పదవి కోసం ఫుగ్గర్ అనే వడ్డీవ్యాపారుల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయింది. విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి వెళ్ళి మరీ కొనుక్కుని వచ్చేవారు. ఆ ఊరి ప్రొఫెసరు మార్టిన్ లూథర్ అక్టోబరు 31న 95 వాదాలు రాసి పంపాడు. ప్రపంచమంతా చెప్పుకునే కథే కనక నేను మళ్ళీ చెప్పను. కానీ ఆ 95లో 46వది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. మిగులు ఉంటే తప్ప, ఇంటి ఖర్చులకి కావలసింది ఇంటికే ఉంచుకోవాలనీ, దాన్ని ఈ పత్రాలమీద తగలెయ్యకూడదనీ దాని భావం. మతచరిత్రని మలుపు తిప్పిన కాగితంలో పచారీ సామాను డబ్బు గురించి ఒక ముక్క ఉండటం నాకెంతో నచ్చింది. ఏ ఇంట్లోనో పొయ్యిలో పిల్లి లేవకపోవడం చూసే ఉంటాడాయన. చివరికి 1567లో అయిదో పయస్ పోపు డబ్బు ముడిపెట్టిన పత్రాలన్నిటినీ రద్దు చేశాడు.

ఇంగ్లీషు వాళ్ళకి "ఇండల్జెన్స్" అనే నామవాచకం పద్నాలుగో శతాబ్దంలోనే వచ్చింది. అప్పుడు దాని అర్థం ఈ మతవ్యవహారమే. "ఇండల్జ్" అనే క్రియ పుట్టడానికి మాత్రం పదిహేడో శతాబ్దం రావలసి వచ్చింది. రెండు వందల ఏళ్ళకి పైగా ఆ దేశంలో అది ఒకరు ఇచ్చే వస్తువే గానీ, మామూలు మనుషులు చేసే పని కాదు.

ఆ పదిహేడో శతాబ్దంలోనే ఈ మాట కోసం పన్నెండేళ్ళు కాచుకున్న ఒక ఇల్లాలుంది. ఆవిడ పేరు ఎలిజబెత్ బన్యన్. భర్త జాన్ బన్యన్ ఇత్తడి గిన్నెలకి మాట్లు వేసే మనిషి. ప్రభుత్వం ఒప్పుకున్న చర్చిలో కాక బయట, లైసెన్సు లేకుండా బోధనలు చేస్తున్నాడని 1660 నవంబరులో బెడ్‌ఫర్డ్ దగ్గర పట్టుకుని జైల్లో వేశారు. ఎలిజబెత్ అతనికి రెండో భార్య. మొదటి భార్య నలుగురు పిల్లల్ని వదిలి పోయింది. అందులో పెద్దపిల్ల మేరీ పుట్టుగుడ్డిది. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండని ఎలిజబెత్ అప్పుడు కడుపుతో ఉంది. భర్తని పట్టుకెళ్ళారన్న వార్త వినగానే నొప్పులొచ్చాయి. ఎనిమిది రోజులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు.

ఆవిడ లేచి నిలబడగానే చేసిన పని, లండను వెళ్ళి ప్రభువుల సభలో అర్జీ ఇవ్వడం. అక్కడ పని కాదు, జిల్లాకి జడ్జీలు వచ్చినప్పుడు అడుక్కో అన్నారు. 1661 ఆగస్టులో జడ్జీలు బెడ్‌ఫర్డ్ వచ్చారు. ఆవిడ ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఒక అర్జీని జడ్జీల బండిలోకి విసిరింది కూడా. చివరికి హంస పేరున్న సత్రం గదిలో, ఊరి పెద్దమనుషులంతా కూర్చుని ఉండగా, వణుకుతూ లోపలికి వెళ్ళి నిలబడింది. తనకి నలుగురు పసిపిల్లలున్నారనీ, ఒకతెకి చూపు లేదనీ, పదిమంది పెట్టింది తిని బతుకుతున్నామనీ చెప్పింది. సర్ మాథ్యూ హేల్ అనే జడ్జీ, ఇంత చిన్నదానివి నీకు నలుగురు పిల్లలేమిటమ్మా అని ఆశ్చర్యపోయాడు. సవతి తల్లినని చెప్పింది. ట్విస్డెన్ అనే ఇంకో జడ్జీ మాత్రం, బీదరికాన్ని ముసుగులా కప్పుకుని వచ్చావని కసిరాడు. నీ మొగుడు బోధనలు మానేస్తాడా అంటే, నోట్లో మాట ఉన్నంతవరకూ మానడని ఆవిడ సమాధానం. చూశారా, మా ఆయన్ని విడిపించండి అని కాళ్ళావేళ్ళా పడుతూనే మా ఆయన మారతాడని అబద్ధం మాత్రం ఆడలేదు! హేల్ గారు జాలిపడి, రాజుగారిని అడగడమో, క్షమాపణ పత్రం తెచ్చుకోవడమో ఏదో దారి చూసుకోమని సలహా చెప్పి పంపించేశాడు. ఈ సంభాషణంతా బన్యన్ రాసిపెట్టుకున్నాడు, అది 1765లోగానీ అచ్చు కాలేదు.

పన్నెండేళ్ళు. అతను జైల్లో కూర్చుని బూట్ల తాళ్ళకి కొసలు బిగించి అమ్మించి ఇంటికి నాలుగు డబ్బులు పంపేవాడు. ఆవిడ బయట పరాయి పిల్లలు నలుగుర్నీ, తర్వాత తన పిల్లల్నీ సాకింది. 1672 మార్చిలో రెండో చార్లెస్ రాజు ఒక ప్రకటన చేశాడు. దాని పేరు "డిక్లరేషన్ ఆఫ్ ఇండల్జెన్స్". చర్చితో ఏకీభవించని వాళ్ళమీద ఉన్న శిక్షల చట్టాలని రాజు తన దయతో ఆపుచేశాడు. బన్యన్ బయటపడ్డాడు. మే 9న బోధన చెయ్యడానికి లైసెన్సు కూడా వచ్చింది.

కథ సుఖాంతమే కదూ? కాదు. 1673లో పార్లమెంటు గొడవ చేస్తే రాజు ఆ దయని వెనక్కి తీసుకున్నాడు. 1675లో లైసెన్సులు రద్దు. బన్యన్ ఇంకోసారి, ఈసారి ఆరునెలలపాటు, జైలుకి వెళ్ళి రావలసివచ్చింది. 1678లో అతని "యాత్రికుని ప్రయాణం" వచ్చింది. అది మన తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఎలిజబెత్ పేరు మీద మాత్రం పుస్తకమేదీ లేదు. ఆవిడ ఆ గదిలో మాట్లాడిన పది నిమిషాలే ఆవిడ చరిత్ర.

తర్వాత రెండో జేమ్సు రాజు కూడా 1687లోనూ 1688లోనూ ఇదే పేరుతో ప్రకటనలు చేసి, చర్చిల్లో చదవమని ఆజ్ఞాపించాడు. ఏడుగురు బిషప్పులు చదవమన్నారు. వాళ్ళమీద కేసు పెడితే జూను 30న నిర్దోషులని తీర్పొచ్చింది. ఆ ఏడాది తిరక్కుండా రాజు దేశం వదిలి పారిపోయాడు. 1689లో పార్లమెంటు చట్టమే చేసింది. కొందరికే, అదీ అరకొరగా. అయినా అది రాజుగారి మనసు మారితే ఎగిరిపోయేది కాదు.

మన కోర్టుల్లో లాయర్లు ఇప్పటికీ వాయిదా అడగడానికి లేచి నిలబడి, కోర్టువారి ఇండల్జెన్సు కోరుతున్నామంటారు. నాలుగు వందల ఏళ్ళ కిందటి అర్థం నల్లకోటు వేసుకుని మన హైకోర్టులో తిరుగుతోంది!

డాక్టర్ శామ్యూల్ జాన్సన్ 1755లో తన పెద్ద డిక్షనరీ అచ్చువేసినప్పుడు ఈ క్రియకి ముద్దు చెయ్యడం, కోరింది ఇవ్వడం అన్న అర్థాలతో పాటు, హక్కుగా కాక దయగా ఇచ్చేది అన్న అర్థం కూడా పెట్టాడు. ఆ సరికి "ఇన్" తోక కూడా మొలిచింది. జనం తమంతట తామే ఏవేవో వాటిలో ఇండల్జ్ అయిపోతున్నారు. అందులో ముఖ్యమైంది టీ.

జోనాస్ హాన్వే అనే పెద్దమనిషి ఉండేవాడు. లండను వీధుల్లో గొడుగు వేసుకు తిరిగిన మొట్టమొదటి మగవాళ్ళలో ఒకడు. ఆ రోజుల్లో మగవాడు గొడుగు వెయ్యడమంటే నవ్వులపాలు కావడమే. అంతటి ధైర్యశాలి 1756లో టీమీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇద్దరు స్త్రీలకి రాసిన ఉత్తరాల రూపంలో రాశాడు. టీ వల్ల మగవాళ్ళు పొట్టివాళ్ళయిపోతున్నారట, ఆడవాళ్ళు అందం పోగొట్టుకుంటున్నారట. పనిమనుషులు కూడా తాగి బుగ్గల్లో రంగు పోగొట్టుకుంటున్నారట. దేశం దివాలా తీస్తోందట. గొడుగు మాత్రం అవసరమే, ఎందుకంటే అది ఆయనది!

జాన్సన్ మహాశయుడు దీనికి 1757లో జవాబు రాశాడు. తనకి ఇరవై ఏళ్ళుగా టీ లేందే పూట గడవదనీ, తెల్లారినా, పొద్దుపోయినా, అర్ధరాత్రయినా టీయేననీ, ఆ విషయంలో తనకి సిగ్గూ లేదనీ దర్జాగా ఒప్పుకున్నాడు. చదువుతుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ అదే జవాబులో, టీ కష్టజీవులకి తగింది కాదు, అందులో బలమేమీ లేదు, ఒట్టి దండగ అని కూడా అన్నాడు. అంటే, రాత్రంతా కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పే ఆయన పన్నెండు కప్పులు తాగొచ్చు. తెల్లవారుఝామున లేచి ఆయన గిన్నెలు తోమే మనిషి ఒక కప్పు తాగితే దండగ.

మా అమ్మమ్మ కాఫీ సంగతి ఇక్కడ చెప్పకపోతే ఉండబట్టదు. ఇంట్లో మొదటి డికాషన్ తాతయ్యకీ వచ్చినవాళ్ళకీ. రెండోసారి నీళ్ళు పోస్తే దిగింది మామయ్యలకి. మూడోసారి పోస్తే దిగిన గోధుమరంగు నీళ్ళలో ఇంత బెల్లం వేసుకుని, వంటింటి గడపమీద కూర్చుని ఆవిడ తాగేది. "మీ అమ్మమ్మకి కాఫీ పిచ్చి" అని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఫిల్టరు పైభాగం తాగినవాళ్ళెవరికీ పిచ్చి లేదు మరి.

నవలల సంగతీ ఇంతే. అసలు ఇది నా వృత్తికి సంబంధించింది కనక రెండు మాటలు అంటాను. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులో ఆడపిల్లలు నవలలు చదవడంలో ఇండల్జ్ అవుతున్నారని పెద్దలు తెగ బెంగపడ్డారు. జేన్ ఆస్టిన్ "నార్తాంగర్ ఆబీ"లో ఈ బెంగని ఆటపట్టించింది. ఏం చదువుతున్నావమ్మా అంటే, అబ్బే ఏదో నవలేలెండి అని సిగ్గుపడి పుస్తకం పక్కన పెట్టేసే అమ్మాయిని చూపించి, ఎందుకా సిగ్గు అని అడిగింది. ఆ పుస్తకం 1817 చివర, ఆవిడ పోయాక వచ్చింది. పత్రికకి అట్ట వేసి పాఠ్యపుస్తకంలా చదివిన తరం మన తెలుగువాళ్ళలోనూ ఉంది. పొయ్యిమీద పప్పు మాడినా, చంటాడు ఏడ్చినా, పాపం నేరమంతా సీరియల్‌దే. పేపరు చదువుతూ కుర్చీలో కూరుకుపోయిన ఇంటాయనది మాత్రం లోకజ్ఞానం.

ఇప్పుడు మన భాష సంగతి చూద్దాం. ఈ మాటకి తెలుగులో ఒక్క మాట లేదు. అది లోపం కాదని నా అభిప్రాయం. పేపర్లవాళ్ళు "అక్రమాలకు పాల్పడ్డారు" అంటారే, అది పరీక్ష హాలు నోటీసులోని ఇండల్జ్ ఇన్. ఇంగ్లండులో ఈ మాట ఎక్కువగా కేకుల చుట్టూ తిరుగుతుంటే, మన దేశపు ఇంగ్లీషు పేపర్లలో లంచాలూ కొట్లాటలూ కాపీలూ చుట్టూ తిరుగుతుంది. పాలు అంటే వంతు. అప్పులపాలు, నవ్వులపాలు, మట్టిపాలు అంటాం. పాల్పడటం కూడా ఆ కుటుంబంలోదే. మనిషి దేనికో వంతుగా పడిపోయాడన్న ధ్వని అందులో ఉంది.

చాక్లెట్టు వైపు ఇండల్జ్ ఇన్‌కి మనకున్న మాట వేరు. ముచ్చట తీర్చుకోవడం. సరదా తీర్చుకోవడం. కూతురి ముచ్చట తల్లి తీరుస్తుంది, తన ముచ్చట తనే తీర్చుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు "ఇన్" తగిలించి నానా తంటాలు పడి తెచ్చుకున్న మలుపు మనకి ఆ "కొను"లో ఎప్పుడూ ఉన్నదే. ఇంకో విశేషం చూడండి. మనం తీర్చుకునేవి ఏమిటి? అప్పు తీర్చుకుంటాం. మొక్కు తీర్చుకుంటాం. ఋణం తీర్చుకుంటాం. దాహం తీర్చుకుంటాం. పగ కూడా తీర్చుకుంటాం. అన్నీ బాకీలే! ముచ్చటని కూడా మన భాష ఆ జాబితాలోనే రాసింది. అంటే అది ఎవరో దయతలచి పడేసింది కాదు, ఎప్పటినుంచో రావలసి ఉన్నది.

మరి వాడకంలో అలాగే ఉందా అంటే, మీకు తెలీనిదేముంది? ముచ్చట అనగానే పిల్లలదీ, అల్లుడిదీ, మనవలదీ. ఇంటి ఇల్లాలి విషయానికొచ్చేసరికి "నోరు కట్టుకుని సంసారం ఈదింది" అన్నదే పెద్ద మెప్పు. రెండు పకోడీలు ఎక్కువ తింటే జిహ్వచాపల్యం. ఈ కాలపు ప్రకటనలవాళ్ళు ఆ సంగతి బాగా కనిపెట్టారు. సబ్బుకీ, ఫేస్‌క్రీముకీ, చాక్లెట్టుకీ "మీరిందుకు అర్హులు" అని రాస్తారు. అనుమతి ఇచ్చే అధికారి ఒకరు కావాలని మనకి అలవాటయింది కదా, ఆ ఖాళీ కుర్చీలో కంపెనీవాడు వచ్చి కూర్చున్నాడు. గూటెన్‌బర్గ్ రసీదులో పేరు రాయడానికి వదిలిన ఖాళీ గుర్తుందా? అలాంటిదే. పైకం మాత్రం మనదే.

మొన్నామధ్య ఒక స్నేహితురాలు ఇంగ్లీషు నవల ఒకటి తెలుగు చేస్తూ ఫోను చేసింది. అందులో నలుగురు పిల్లల తల్లి ఒకావిడ, పనంతా అయ్యాక, మధ్యాహ్నపు నిద్రలో ఇండల్జ్ అయిందట. దీన్ని ఏమని రాయను అంది. "మధ్యాహ్నపు నిద్రకి పాల్పడింది" అంటే జైల్లో వేసేటట్టున్నారు అని నవ్వుకున్నాం. "నిద్ర ముచ్చట తీర్చుకుంది" అంటే పెళ్ళికూతురిలా ఉంది. "విలాసంగా నిద్రించింది" అంటే ఎవరో జమీందారిణి. చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. మూలంలో ఉన్న మాటని వదిలేస్తే అనువాదంలో ఏదో పోతుందేమోనని తన భయం.

పోనీ ఏం పోతుందో చూద్దామని ఆ వాక్యం తీసి మళ్ళీ చదివించుకున్నాను. పొద్దున్నుంచి ఆవిడ చేసిన పనులు పైన ఒక పేజీ నిండా ఉన్నాయి. బట్టలు, వంట, అత్తగారికి మందు, చిన్నవాడి జ్వరం.

"మధ్యాహ్నం కాసేపు పడుకుంది" అని రాయమన్నాను.